తేజేశ్వర్ వేయని ఓటు

"ఈ కోటు ఉతికించలేదు కదా?" అని అడిగింది అలేఖ్య.

రష్మి లేదన్నట్టు తల ఊపింది. డైనింగ్ టేబుల్ మీద పరిచిన, చనిపోయిన భర్త తేజేశ్వర్ నల్లటి ఉన్నికోటు వైపు ఆమె చూడటం లేదు. శవపరీక్ష చేసిన కరోనర్ ఆఫీసు వాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ సంచిని తెచ్చిన రోజునే అల్మరా అడుగున పడేసి తలుపు మూసింది. అలేఖ్య కావాలని అడగబట్టి ఇప్పుడు తీసింది.

అలేఖ్యకు నలభై మూడేళ్లు. సొంతంగా ప్రైవేట్ డిటెక్టివ్ లైసెన్సు తీసుకోకముందు పదేళ్లపాటు కార్ల ఇన్సూరెన్స్ క్లెయిములు దర్యాప్తు చేసింది. తలుపు మీది సొట్టను చూసి, ఎవరి కారు వచ్చి ఎవరి కారును గుద్దిందో, ఎవరు అబద్ధం చెబుతున్నారో తేల్చడం ఆమె పని. అందుకే కోటు ముందు భాగాన్ని ఒకసారి చూసి వదిలేసి, తిరగేసి, వెనక భాగం మీదికి వంగి చాలాసేపు చూసింది. నడుము దగ్గర, అడ్డంగా, అరచేయంత వెడల్పున తెల్లటి చార ఉంది. వేలితో రాస్తే పొడిలా రాలింది.

మంచు కురిసే కాలంలో అరోరా నగరం చుట్టుపక్కల, కార్లు నిలిపే అంతస్తుల పార్కింగ్ డెక్కుల మీద చల్లే ఉప్పు అది. మంచుతో కలిసి కరిగి, పిట్టగోడల మీద ఎండి, ముట్టుకున్న ప్రతిదానికీ సున్నంలా అంటుకుంటుంది. కోటు ముందువైపు అది లేదు. చేతి తొడుగులకు లేదు. ప్యాంటు మోకాళ్లకూ లేదు.

పిట్టగోడ ఎక్కి దూకే మనిషి ముందు చేతులు ఆనిస్తాడు, తర్వాత మోకాలు పెడతాడు. ఇతను అవేవీ చేయలేదని రష్మికి నెమ్మదిగా చెప్పింది అలేఖ్య. ఇతని వీపు మాత్రమే గోడకు ఆనింది. వెనక్కి వంగి పడ్డాడు.

"వెనక్కి ఎందుకు వంగుతాడు?" అంది రష్మి.

"ఎదురుగా ఎవరో ఉండి ఉంటారు."

రష్మి కుర్చీలో కూలబడింది. ఏడుస్తుందనుకుంది అలేఖ్య. ఆమె ఏడవలేదు. కోటు చెయ్యిని దగ్గరికి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది.

"అయితే మమ్మల్ని వదిలేసి పోలేదన్నమాట," అంది.

తేజేశ్వర్ మందుల కంపెనీలో డేటా ఇంజనీరు. సిటిజన్‌షిప్‌కి అప్లై చేసిన రోజు నుంచి హైవే మీద కూడా లిమిట్ దాటి నడపలేదు. ఒక పార్కింగ్ టికెట్ వస్తే దాన్ని కూడా ఇంటర్వ్యూలో తానే చెప్పాడు. ఆగస్టులో ఇంటర్వ్యూ పాసయ్యాడు. అక్టోబరులో పౌరసత్వ ప్రమాణం. సరిగ్గా అప్పుడే బడ్జెట్ పాస్ కాక ప్రభుత్వం మూతపడింది. ఆ గొడవలో అతని ప్రమాణం వాయిదా పడింది. మళ్లీ డిసెంబరు మొదటి వారంలో రమ్మన్నారు.

ఆ రెండు నెలల్లో ఇంకొకటి జరిగింది. పౌరసత్వానికి రుజువు చూపిస్తేనే ఓటు అనే బిల్లు వాషింగ్టన్‌లో ఇంకా తేలలేదు గాని, ఓటర్ల జాబితాలను పౌరసత్వ రికార్డులతో పోల్చి చూడటం అప్పటికే మొదలైంది. ఆ పోలికలో తేజేశ్వర్ పేరు బయటికొచ్చింది. ఫిబ్రవరిలో ఆన్‌లైన్‌లో ఓటరుగా రిజిస్టరయ్యాడట. ఏప్రిల్‌లో జరిగిన స్థానిక ఎన్నికల్లో పోస్టులో ఓటు కూడా వేశాడట. పౌరుడు కానివాడు ఓటేస్తే అది నేరం. పౌరసత్వం సంగతి అటుంచి, ఉన్న గ్రీన్ కార్డు కూడా పోయే నేరం.

ప్రమాణం చేసే హాలు గుమ్మం దగ్గర ఆఫీసరు అతన్ని పక్కకు పిలిచి ఈ మాట చెప్పాడు. లోపల వరుసల్లో జనం నిలబడి చేతులు ఎత్తుతున్నారు. తొమ్మిదేళ్ల కూతురు ఆద్య కొత్త గౌను వేసుకుని తల్లి పక్కన నిలబడి ఉంది. ఇంటికి వచ్చేటప్పుడు కారులో ఆ పిల్ల, "నాన్నా, డిడ్ యూ చీట్?" అని అడిగింది. అతను రోడ్డు వైపే చూస్తూ నడిపాడు.

ఆ శనివారం సాయంత్రం లాయర్ని కలిసొస్తానని వెళ్లాడు. ఆదివారం పొద్దున, లాయరు ఆఫీసు వెనకున్న పార్కింగ్ డెక్ కింద శవమై దొరికాడు. అరోరాను ఆనుకుని ఉన్న ఆ చిన్న ఊరి పోలీసులు ఆత్మహత్య అనేశారు.

"రాధక్క కూడా అదే అంటోంది," అంది రష్మి. రాధక్కంటే లాయర్ రాధారాణి. ఈ ప్రాంతంలో తెలుగువాళ్ల ఇమిగ్రేషన్ కేసులు సగం ఆమె చేతిమీదుగానే నడుస్తాయి. తేజేశ్వర్ పోయిన దగ్గర్నుంచి రోజూ ఇంటికొచ్చి, వండి పెట్టి, ఆద్యను స్కూల్లో దింపి వెళుతోంది. "కేసు తిరగదోడితే ఓటు సంగతి ఇంకా పెద్దదవుతుందంట. స్కూల్లో ఆద్య వినాల్సొస్తుంది, వదిలెయ్యి అంటోంది. మీరేమంటారు అక్కా?"

"ఆయన ఓటు వేశాడా?"

"వెయ్యలేదు."

"అయితే వదలొద్దు," అంది అలేఖ్య.

---

అలేఖ్యకు తెలిసింది కొంచెమే. తేజేశ్వర్ ఒక్కడే కాదు. రఘు అనే బ్యాంకు ఉద్యోగికీ, దేదీప్య అనే ఫార్మసిస్టుకూ అలాంటి నోటీసులే వచ్చాయి. ఇద్దరూ ప్రమాణం కోసం ఎదురుచూస్తున్నవాళ్లు. భయపడి ఎవరికీ చెప్పుకోలేక, చావు కబురు విన్నాక రష్మికి ఫోన్ చేశారు. ముగ్గురి పేర్ల మీదా ఒకే అద్దె మెయిల్‌బాక్సుకు బ్యాలెట్లు వెళ్లాయి. ఆ మెయిల్‌బాక్సును తీసుకున్నవాళ్లు దొంగ పేరుతో తీసుకున్నారు.

ఆ ఏప్రిల్ ఎన్నికల్లో, ఊరి పార్కుల బాగోగులు చూసే పార్క్ బోర్డుకు పోటీ చేసింది ఉమాకాంత్. గెలిచిన తొలి తెలుగువాడు. మెజారిటీ పదకొండు ఓట్లు. అతని వృత్తి టాక్సులు ఫైల్ చేయడం. ఆన్‌లైన్‌లో ఓటరుగా రిజిస్టర్ చేయాలంటే డ్రైవింగ్ లైసెన్సు నంబరు, అది ఇచ్చిన తేదీ, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగంకెలు కావాలి. టాక్సులు చేసేవాడి దగ్గర ఆ మూడూ ఉంటాయి.

ఉమాకాంత్ ఆఫీసు ఆ డెక్ ముందున్న భవనంలోనే, రెండో అంతస్తులో ఉంది. అతని అక్క రాధారాణి ఆఫీసు సరిగ్గా దాని పైన, మూడో అంతస్తులో. ఉమాకాంత్ యాభై దాటినవాడు, బట్టతల, గుండ్రటి ముఖం. అలేఖ్యను చూడగానే లేచి కాఫీ తెప్పించబోయాడు. ఆమె వద్దంది.

మొదట ఆమె అడిగింది శనివారం గురించి. ఆ రోజు తాను ఎక్కడో దూరాన రెడ్‌మండ్‌లో కొడుకు ఇంట్లో ఉన్నాననీ, మనవరాలి అన్నప్రాశనకు వెళ్లి సోమవారం తిరిగొచ్చాననీ చెప్పాడు. ఫోన్ తీసి ఫొటోలు చూపించాడు. పాపను ఒళ్లో పెట్టుకుని, గిన్నెలో పాయసం పట్టుకుని నవ్వుతున్నాడు. వెనక గోడ మీద తేదీతో సహా బ్యానరు వేలాడుతోంది.

"మీరు ఊళ్లో లేనంత మాత్రాన మీకు పడ్డ దొంగ ఓట్లు లేకుండా పోవు," అంది అలేఖ్య.

ఉమాకాంత్ ముఖం ఎర్రబడింది. "చూడండమ్మా, నా ముందు కూర్చుని ఆ మాట అన్న మొదటి మనిషి మీరే. మిగతావాళ్లంతా వెనక అనుకుంటున్నారు. గెలిచిన రోజు నన్ను భుజాల మీద ఎత్తుకున్నవాళ్లు ఇప్పుడు గుడిలో కనబడితే పక్క వరుసలోకి పోతున్నారు."

"తేజేశ్వర్ మీ క్లయింటు."

"అవును."

"రఘు?"

"అవును. నాలుగేళ్లుగా."

"దేదీప్య?"

ఉమాకాంత్ ఆగి, ఆ పేరు తన కంప్యూటర్లో వెతికాడు. తెర ఆమెవైపు తిప్పాడు. ఆ పేరుతో ఎవరూ లేరు. ఆ అమ్మాయి తానే సాఫ్ట్‌వేర్ కొనుక్కుని సొంతంగా ఫైల్ చేసుకుంటుందని తనకు తెలుసనీ, ఒకసారి పిక్నిక్‌లో తన దగ్గరికి రమ్మని అడిగితే నవ్వి తప్పుకుందనీ చెప్పాడు.

"నా దగ్గర ఆమె లైసెన్సు లేదు, నంబర్లు లేవు. నేనే చేశానంటే ఈ అమ్మాయికి ఎలా చేశానో చెప్పండి. చెప్పగలిగితే రేపే రాజీనామా ఇస్తా." తెరను మళ్లీ తనవైపు తిప్పుకున్నాడు. "క్యాంపెయిన్ మొత్తం మా అక్క చూసుకుంది. నేను ఇంటింటికీ తిరిగి చేతులు ఊపడం తప్ప ఏం చేయలేదు. ఆ పదకొండు ఓట్లలో ఎన్ని నావో నాకిప్పుడు తెలియట్లేదు. అది మీకు అర్థమవుతుందా?"

అబద్ధం చెప్పేవాళ్లు సాధారణంగా అవతలివాళ్లను ఒప్పించడానికి చూస్తారు. ఇతను అవమానంతో కాలిపోతున్నాడు. అలేఖ్య లేచింది. కానీ అతను కాకపోతే ఇంకెవరు? వచ్చేటప్పుడు ఒక దోషిని మనసులో పెట్టుకుని వచ్చిన మనిషి, ఆ దోషి లేకుండానే లిఫ్టులో కిందికి దిగింది.

---

భవనం వెనక డెక్ మెట్లెక్కి వెళ్లేసరికి, పై అంతస్తులో ఆమెకోసం ఇంకొకడు ఎదురుచూస్తున్నాడు. డిటెక్టివ్ ఈషాన్. ఆ ఊరి పోలీసుల్లో తేజేశ్వర్ కేసు చూసింది అతనే. ముప్పై రెండేళ్లవాడు, ఇక్కడే పుట్టి పెరిగాడు. రెండ్రోజులుగా అలేఖ్య వదిలిన వాయిస్ మెయిళ్లు విని విసుగొచ్చి, ఇక్కడికే రమ్మన్నాడు.

"చెప్పు ఆంటీ. ఐ హావ్ ఫిఫ్టీన్ మినిట్స్."

"డ్యూటీలో ఉన్నప్పుడు ఆంటీ అనకు. నీ సార్జెంటును అంకుల్ అంటావా?"

అతను భుజాలు ఎగరేశాడు. అలేఖ్య ప్లాస్టిక్ సంచిలోని కోటు తీసి, వెనకవైపు చూపించి, రష్మికి చెప్పిందే చెప్పింది. తర్వాత పిట్టగోడ దగ్గరికి నడిచింది. పాత కట్టడం. గోడ ఎత్తు తక్కువ, తేజేశ్వర్ లాంటి పొడుగు మనిషికి నడుము దాటదు. గోడ పైన ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. కోటును గోడ పక్కన పట్టుకుంటే, వీపు మీది చార వెడల్పూ గోడ పైఅంచు వెడల్పూ ఒక్కటే.

ఈషాన్ ఒకసారి చూశాడు. ఆ చూపులో కొంచెం ఆలోచన కదిలిందని అలేఖ్యకు అనిపించింది. కానీ అతను వెంటనే దాన్ని కప్పేసుకున్నాడు.

"అతను గోడకి ఆనుకుని నిలబడి ఉంటాడు. ఏడ్చి ఉంటాడు. తర్వాత జంప్ చేశాడు. సాల్ట్ ఎక్కడైనా అంటుతుంది. అండ్ నువ్వు ఎవిడెన్స్ టచ్ చేసావు. కోర్టులో దీనికి వాల్యూ లేదు."

"మీరు భార్యకు ఇచ్చేసిన బట్టలు ఎవిడెన్స్ ఎలా అవుతాయి? పనికొచ్చేవైతే మీ దగ్గరే ఉంచుకోవాల్సింది."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది.

తన దగ్గర కోటు కన్నా బలమైనది ఉందన్నాడు ఈషాన్. డెక్ లోపలికి ఆ సాయంత్రం వచ్చిన కారు తేజేశ్వర్‌ది ఒక్కటే, కింది కెమెరాలో నడిచి వచ్చినవాళ్లూ ఎవరూ లేరు. భవనం మూడో అంతస్తు నుంచి ఈ పై అంతస్తులోకి తెరుచుకునే ఇనుప తలుపు, అక్కడ అద్దెకున్నవాళ్లకిచ్చే బ్యాడ్జ్ కార్డు ఉంటే తప్ప రెండువైపుల నుంచీ తెరుచుకోదు. శనివారం సాయంత్రం వాడిన బ్యాడ్జ్ ఒక్కటే. అది అతని లాయర్ది. ఆమే స్వయంగా పోలీసుల దగ్గరికి వచ్చి చెప్పింది. తేజేశ్వర్ చాలా ఏడ్చాడట. నాకిక దేశం లేదు, నా కూతురి ముఖం చూడలేను అన్నాడట. తాను ఓదార్చి, ఇక్కడిదాకా వచ్చి సాగనంపి, తిరిగి లోపలికి వెళ్లిపోయిందట.

"షీ ఈజ్ ద విట్నెస్. లాయర్. అందరికీ తెలుసు ఆమె. నీ సాల్ట్ లైన్ వర్సెస్ ఆమె స్టేట్‌మెంట్. నేనేం చేయాలి?"

"ఆమె చెప్పింది నిజమేనా అని ఒకసారి ఆలోచించావా?"

"నీ ఓత్ ఎప్పుడు?" అని అడిగాడు ఈషాన్ హఠాత్తుగా.

అలేఖ్య పౌరసత్వ ప్రమాణం వచ్చే బుధవారం. ఆమె కూడా అక్టోబరు నుంచి ఎదురుచూస్తున్నదే. అతను కనుక్కుని వచ్చాడన్నమాట.

"పోలీస్ ఇన్వెస్టిగేషన్‌లో ఇంటర్‌ఫియర్ చేసిందని నేను ఒక రిపోర్ట్ రాస్తే, సిటిజన్‌షిప్ వాళ్లు గుడ్ మోరల్ క్యారెక్టర్ అని చూస్తారు కదా, దానికి మంచిది కాదు. నేను బెదిరించట్లేదు. అడ్వైజ్ ఇస్తున్న."

"నువ్వు ఏమీ చెయ్యకుండానే పౌరుడివి అయ్యావు ఈషాన్," అంది అలేఖ్య. "పుట్టావు, అంతే. తేజేశ్వర్ పద్దెనిమిదేళ్లు తలొంచుకుని బతికాడు దానికోసం. అతను దొంగ ఓటు వేసి సిగ్గుతో చచ్చాడని రాసి ఫైలు మూశావు. తప్పు రాశావని తెలిసినా మూసే ఉంచుతావా, లేదా? అది నాకు చెప్పు."

ఈషాన్ కోటు మీది చార వైపు ఇంకోసారి చూశాడు. తర్వాత మెట్లు దిగి వెళ్లిపోయాడు.

---

సూర్యుడు అప్పుడే వాలిపోతున్నాడు. డిసెంబరులో నాలుగింటికే వెలుతురు పోతుంది. అలేఖ్య గోడ దగ్గరే నిలబడి దేదీప్యకు ఫోన్ చేసింది. ఆ పిల్ల ఫార్మసీలో డ్యూటీలో ఉంది, గొంతు తగ్గించి మాట్లాడింది. టాక్సులు తానే ఫైల్ చేసుకుంటానన్న మాట నిజమే. ఉమాకాంత్‌కు తన కాగితం ఒక్కటి కూడా ఇవ్వలేదు.

"లైసెన్సు కాపీ ఎవరికిచ్చావమ్మా? ఈ రెండేళ్లలో. ముందూ వెనకా కాపీ తీసి."

దేదీప్య ఆలోచించింది. అపార్ట్‌మెంటు వాళ్లకు ఇవ్వలేదు, ఇల్లు మారలేదు. కార్ కొన్నప్పుడు చూపించింది గాని కాపీ ఇవ్వలేదు.

"ఎవరికీ లేదు ఆంటీ. సిటిజన్‌షిప్ అప్లికేషన్‌కి రాధక్క అడిగితే పంపాను. అంతే."

అలేఖ్య ఫోను చెవి దగ్గరే ఉంచుకుని నిలబడిపోయింది. రఘు కేసు కూడా రాధారాణిదే. తేజేశ్వర్‌దీ ఆమెదే. ఈ ప్రాంతంలో గ్రీన్ కార్డు ఉన్న తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. దొంగ ఓట్లు కావాలనుకున్న మనిషి ఈ ముగ్గురినే ఎందుకు ఎంచుకుంది? ఇన్నాళ్లూ ఎవరి దగ్గర నంబర్లున్నాయా అని వెతికింది తాను. వెతకవలసింది అది కాదు. ఈ ముగ్గురూ కొద్ది నెలల్లో పౌరులు కాబోతున్నారని ఎవరికి తెలుసు?

పౌరులైపోతే జాబితాలో వాళ్ల పేరు ఉండటం తప్పు కాదు. ఫిబ్రవరిలో ఎక్కిన పేరును ఆ తర్వాత ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. ఓటర్ల జాబితాను పౌరసత్వ రికార్డులతో పోల్చే రోజు వస్తుందని అప్పుడెవరూ అనుకోలేదు. బడ్జెట్ సకాలంలో పాసై, అక్టోబరులో ప్రమాణాలు జరిగిపోయి ఉంటే ఈ మోసం ఎన్నటికీ బయటపడేది కాదు. తేజేశ్వర్ ఏ అనుమానమూ లేకుండా చెయ్యెత్తి ప్రమాణం చేసి, సాయంత్రం కూతురికి ఐస్‌క్రీమ్ కొనిపెట్టి, హాయిగా నిద్రపోయేవాడు.

అప్పుడు ఆమెకు ఇంకొక ఆలోచన వచ్చింది. ఓటర్ల వెబ్‌సైటు తెరిచి పేరు, పుట్టినతేదీ, అడ్రసు కొట్టింది.

ఆమె సొంత పేరు.

అలేఖ్య. రిజిస్టర్డ్. ఫిబ్రవరి. చివరిసారి ఓటు వేసింది ఏప్రిల్‌లో, పోస్టులో.

ఆమె పౌరసత్వం కేసు చూస్తున్నది కూడా రాధారాణే.

నోటీసు ఇంకా రాలేదు. బహుశా బుధవారం, హాలు గుమ్మం దగ్గర, ఒక ఆఫీసరు చాలా మర్యాదగా తనను పక్కకు పిలుస్తాడు. ఈ దేశానికొచ్చి ఇరవై రెండేళ్లు. ఆ ఇరవై రెండేళ్లలో ఆమె తండ్రి పోయాడు, తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ దొరక్క వెళ్లలేకపోయింది. ఒక పెళ్లి నిలబడలేదు. ఈ ఒక్కటైనా చేతికందుతుందనుకుంది.

వెనక ఇనుప తలుపు చప్పుడైంది.

"ఇంత చలిలో ఒక్కదానివే నిలబడ్డావేంటే?" అంది రాధారాణి.

భారీ మనిషి. మోకాళ్లదాకా కోటు, భుజానికి పెద్ద హ్యాండ్‌బ్యాగు. మెడలో బ్యాడ్జ్ వేలాడుతోంది. ఆమె వెనకే తలుపు మూసుకుని తాళం పడింది. తమ్ముడు కిందనుంచి ఫోన్ చేశాడనీ, పాపం చిన్నపిల్లాడిలా ఏడ్చాడనీ చెబుతూ దగ్గరికి వచ్చింది. ఆమె కళ్లు అలేఖ్య చేతిలోని ఫోను మీద పడ్డాయి. తెర ఇంకా వెలుగుతోంది. దాని మీద ఏముందో ఆమెకు చదవాల్సిన అవసరం రాలేదు.

"చూసేశావా," అంది. గొంతులో ఆప్యాయత అలాగే ఉంది.

"ఎంతమందిమి రాధక్కా?"

"ఎందుకు ఆ లెక్కలు? ఒక్కళ్లకీ నష్టం జరక్కూడదనే మిమ్మల్ని ఎంచుకున్నాను. మనవాడు ఒక్కడు కుర్చీలో కూర్చోవాలని అనుకున్నాను. అందరూ అక్టోబరుకల్లా సిటిజన్లు అయిపోయేవాళ్లు. ఆ వాషింగ్టన్ వాళ్లు కొట్టుకు చస్తారని నేనేమైనా కలగన్నానా?"

"తేజేశ్వర్ కూడా కలగనలేదు."

రాధారాణి ముఖంలో ఏదో సన్నగా చిట్లింది. "వాడు నా మాట వినలేదు. నాకు టైమివ్వు, నీ కేసు నేను సరిచేస్తా అంటే వినలేదు. అరుస్తూనే ఉన్నాడు." ఇంకొక అడుగు దగ్గరికి వచ్చింది. "నువ్వు వింటావు. నీకు తెలివుంది. నీ రిజిస్ట్రేషన్ పొరపాటున జరిగిందని, నా ఆఫీసులో క్లర్కు చేసిందని నేనొక అఫిడవిట్ ఇస్తాను. క్లర్కు ఉద్యోగం మానేసి ఇండియా వెళ్లిపోయింది, దాన్నెవరూ ఏం చేయలేరు. బుధవారం కాకపోతే జనవరిలో నీ ఓత్ అయిపోతుంది. నేను తప్ప ఆ కాగితం ఇంకెవరూ ఇవ్వలేరు నీకు. రష్మికి కోటు తిరిగిచ్చెయ్. ఆత్మహత్యే అని చెప్పు."

కొద్ది క్షణాలు అలేఖ్య నిజంగానే ఆలోచించింది. ఆ సంగతి ఆమె తర్వాత ఎవరి దగ్గరా దాచలేదు. కళ్లముందు బుధవారం హాలు కనిపించింది, ఎత్తిన చెయ్యి కనిపించింది. తర్వాత, అయితే మమ్మల్ని వదిలేసి పోలేదన్నమాట అని కోటు చెయ్యి ఒళ్లో పెట్టుకున్న మనిషి కనిపించింది. ఆ మాటను రష్మి దగ్గర్నుంచి వెనక్కి లాక్కోవడం తన వల్ల కాదు.

ఫోన్లో ఈషాన్ నంబరు నొక్కి స్పీకర్లో పెట్టింది. అతను రెండో రింగుకే ఎత్తాడు. కింద కారులోనే ఉన్నాడు, ఇంజను శబ్దం వినిపిస్తోంది. వెళ్లిపోలేదన్నమాట.

"ఒక నేరం రిపోర్ట్ చేస్తున్నాను, రాసుకో," అంది అలేఖ్య రాధారాణి కళ్లలోకి చూస్తూ. "నా పేరు అలేఖ్య. నేను సిటిజన్ కాదు. ఏప్రిల్ ఎన్నికల్లో నా పేరు మీద ఓటు పడింది."

"వాట్? నువ్వేం చెప్తున్నావో తెలుసా? ఆన్ రికార్డ్ ఇది."

"తెలుసు."

"నీ ఓత్ పోతుంది. ఆ ఓటు నువ్వు వెయ్యలేదని ఎవరు ప్రూవ్ చేస్తారు?"

"వేసిన మనిషి నా ముందే నిలబడి ఉంది," అంది అలేఖ్య. "శనివారం కూడా ఇక్కడే నిలబడింది."

అవతల కారు తలుపు విసురుగా తెరుచుకున్న చప్పుడు, పరుగు. మూడు అంతస్తుల మెట్లు. రాధారాణి కూడా ఆ పరుగు విన్నది. ఆమె భుజం మీది హ్యాండ్‌బ్యాగు జారి ఉప్పు నేల మీద పడింది. దాన్ని ఆమె తీసుకోలేదు. ఖాళీ అయిన రెండు చేతులూ ముందుకు చాచి, పిట్టగోడ దగ్గరున్న అలేఖ్య మీదికి వచ్చింది.